తొమ్మిది శాతం ఆదా ఎవరి ఖాతాలో రాయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరం పొడవైనది. పేరూ, కంపెనీ పేరూ బయటపెట్టవద్దని కోరారు. ఆనవాళ్లు తెలిసిపోకుండా ఒకటి రెండు వివరాలు మార్చి, సంగతి మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

రాసినావిడకి 33 ఏళ్లు. పుట్టింది తెనాలి, కాపురం హైదరాబాద్‌లో. భర్త బ్యాంకు ఉద్యోగి, నాలుగేళ్ల పాప. నెలకి 1,60,000 జీతం వచ్చే డేటా సైంటిస్టు ఉద్యోగం వదిలేసి, రెండేళ్ల పది నెలల కిందట ఇంజనీరింగ్ కాలేజీ సీనియర్ ఒకాయన పెట్టిన స్టార్టప్‌లో చేరారు. కాలేజీ రోజుల నుంచీ ఆయన్ని ‘అన్నా’ అనే పిలుస్తారు. మొత్తం పదకొండు మంది. బోర్డు మీద రాసుకున్నది ‘క్వాంటం కంప్యూటింగ్ సాఫ్ట్‌వేర్, డేటా ఎనలిటిక్స్’. క్వాంటం కంప్యూటింగ్ అంటే అణువుల స్థాయి భౌతిక సూత్రాలతో లెక్కలు చేసే కొత్తరకం కంప్యూటర్ల వ్యవహారం. జీతం 90,000, తక్కువైనదానికి బదులు నాలుగేళ్లలో చేతికొచ్చేలా కంపెనీ షేర్లని ముందే రాసుకున్న ధరకి కొనుక్కునే హక్కులు, అంటే కొన్ని ఈసాప్‌లు. ఈ రెండు నెలలుగా జీతం సగమే పడుతోంది.

ఇప్పటి తలనొప్పి ఒక డెయిరీతో వచ్చింది. 412 ఊళ్ల నుంచి పాలు తెచ్చే 38 వ్యాన్లకి కొత్త రూట్లు వేసిపెట్టాలి. ఏడు నెలలు ఆవిడ జీపీఎస్ లెక్కలు శుభ్రం చేశారు. ఏ ఊళ్లో క్యాన్లు ఎన్నింటికి నిండుతాయి, ఏ కేంద్రం దగ్గర వ్యాను ఊరికే ఇరవై నిమిషాలు ఆగుతోంది, ఏ రోడ్డు వానొస్తే పనికిరాదు, అన్నీ పట్టుకున్నారు. పది వ్యాన్ల మీద ఆరు వారాలు నడిపి చూస్తే డీజిల్ 9 శాతం తగ్గింది. ఆ రూట్లు వేసింది ఆవిడ లాప్‌టాప్‌లోని మామూలు ఉచిత సాల్వర్, అంటే మంచి దారి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్. క్వాంటం వైపు చేసిందల్లా ఆరు ఊళ్ల బొమ్మ లెక్క (చిన్న నమూనా) ఒకటి, క్లౌడ్‌లో అసలైన క్వాంటం యంత్రం మీద నడపడం. ఆవిడ మాటల్లోనే: ‘కొన్నిసార్లు సరైన వరుసే వచ్చింది. కొన్నిసార్లు వ్యాను ఒకే ఊరికి రెండుసార్లు వెళ్లింది, ఇంకో ఊరిని మర్చిపోయింది.’

మూడు వారాల్లో డెయిరీ పెద్దల ముందు డెమో. అదే గదికి పెట్టుబడి పెట్టబోయేవాళ్లు కూడా వస్తున్నారు. అన్న తయారుచేసిన స్లైడ్ మీద ‘క్వాంటం శక్తితో 9 శాతం డీజిల్ ఆదా’ అని ఉంది. పక్కన ఆవిడ ఫోటో, కింద ‘చీఫ్ క్వాంటం సైంటిస్ట్’. ఇదేంటని అడిగితే, ‘అందరూ ఇలాగే అమ్ముతున్నారమ్మా. రేపు యంత్రాలు పెద్దవయ్యాక నిజమయ్యేదే కదా, మనం కాస్త ముందు చెప్తున్నాం’ అన్నారట.

ఇంకొక ముడి. ఆవిడ నాన్నగారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు, ఇప్పుడు లేరు. ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన బాబాయి, ఆవిడ మాట మీద 14 నెలల కిందట ఈ కంపెనీలో 8 లక్షలు పెట్టారు. ‘నువ్వు చెప్తే చాలమ్మాయ్’ అన్నారు. ఆయన దగ్గరున్న ఆధారం బ్యాంకు మెసేజీ, అన్న పంపిన ‘మన కుటుంబంలోకి స్వాగతం బాబాయి గారూ’ అనే వాట్సాప్. ఇంతలో ఒక విదేశీ కంపెనీ హైదరాబాద్ ఆఫీసు నుంచి పాత జీతానికి తగ్గని ఆఫర్ వచ్చింది. పది రోజుల్లో జవాబివ్వాలి. భర్త ‘ఒక స్లైడే కదా’ అంటారు. అమ్మ ‘నాన్న ఉంటే ఏమనేవారో’ అంటుంది. ఆవిడ అడిగినవి మూడు: నేను మోసం చేస్తున్నానా? ఈ క్వాంటం అంతా గాలి మాటలేనా? ఇప్పుడు వెళ్లిపోతే అన్నకీ బాబాయికీ ద్రోహం చేసినట్టా?

*

ఆ ‘ఒకే ఊరికి రెండుసార్లు వెళ్లింది’ అన్న ముక్క చదివి నవ్వుకున్నాను. మోసం చేసే ఉద్దేశం ఉన్న మనిషి ఆ సంగతి నాకు రాయదు. కాబట్టి ఈరోజు వరకూ మీ మొదటి ప్రశ్నకి జవాబు ‘లేదు’. డెమో రోజు ఆ స్లైడ్ పక్కన నిలబడి, ఎవరైనా అడిగితే తలూపితే, జవాబు మారిపోతుంది. మీ వారు చెప్పినట్టు ‘ఒక స్లైడే’ అయితే దాన్ని మార్చడం కూడా ఒక స్లైడ్ పనే కదా. అది మారడం ఎందుకంత కష్టమవుతోందో చూస్తే మీ కంపెనీ పరిస్థితి మీకే అర్థమవుతుంది.

ముందు రెండో ప్రశ్న తీసుకుందాం. అది తేలకపోతే మిగతా రెండూ భయం మీదే నడుస్తాయి.

క్వాంటం గాలి మాట కాదు. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టే క్వాంటం పద్ధతి కనిపెట్టినప్పటి నుంచీ, ఇవాళ బ్యాంకు లావాదేవీలకి కాపలా కాసే సంకేత తాళాల్లో (ఎన్‌క్రిప్షన్), ఆ విడగొట్టడం కష్టమన్న ధీమా మీద నిలిచినవి కొన్ని ఎప్పటికైనా విరుగుతాయని తెలుసు. తెలిసింది కాబట్టే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్తరకం తాళాలకి మూడు ప్రమాణాలు విడుదల చేసింది. అదే ఏడాది డిసెంబరులో గూగుల్ 105 క్యూబిట్ల (క్వాంటం యంత్రంలో లెక్క మోసే అతి చిన్న ముక్కలు) విల్లో చిప్ మీద, క్యూబిట్ల గుంపును పెంచినకొద్దీ తప్పులు తగ్గించవచ్చని చూపింది. అంతకుముందు చాలావరకు పెంచినకొద్దీ తప్పులూ పెరిగేవి. మన దేశం 2023లో జాతీయ క్వాంటం మిషన్‌కి 6,003.65 కోట్లు కేటాయించింది. 2025 మే నెలలో అమరావతి క్వాంటం వ్యాలీకి 156 క్యూబిట్ల ప్రాసెసర్‌తో ఐబీఎం యంత్రం తెస్తామని ఆ సంస్థ, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ప్రకటించాయి. మీ అన్నకి ఊపొచ్చింది అక్కడి నుంచేనని ఊహిస్తున్నాను. తప్పేమీ లేదు, మన జిల్లాల పిల్లలకి ఆ మాట వినగానే ఒళ్లు పులకరించడం నేనూ చూస్తున్నాను.

ఇప్పుడు ఆ 156నే మీ వ్యాన్ల పక్కన పెట్టి చూడండి. మీకు తెలిసిన లెక్కే, అన్నకి చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను. వ్యాను ఏ ఊరికి ఎన్నో వరుసలో వెళ్తుంది అని రాసుకునే మామూలు పద్ధతిలో, ఒక్కో ఊరికీ ఒక్కో వరుస స్థానానికీ కలిపి ఒక క్యూబిట్ కావాలి. ఆరు ఊళ్లకి 36. పన్నెండు ఊళ్లకి 144. పదమూడో ఊరు చేర్చగానే 169, యంత్రం చాలదు. మీ 412 ఊళ్లని ఒక్క వరుసలో పెట్టాలన్నా 1,69,744 క్యూబిట్లు. క్యూబిట్లు పొదుపు చేసే వేరే పద్ధతులున్నాయి, కానీ ఒకచోట మిగిల్చింది ఇంకోచోట లెక్క పొడవు పెరిగి పోతుంది. పొడవు పెరిగితే తప్పులు పేరుకుంటాయి. మీ వ్యాను ఒకే ఊరికి రెండుసార్లు వెళ్లింది ఆ తప్పుల వల్ల కావచ్చు. లేదా ఒక ఊరికి రెండుసార్లు వెళ్లకూడదన్న నియమానికి లెక్కలో మీరు పెట్టిన జరిమానా (నియమం తప్పిన దారికి కలిపే అదనపు ఖర్చు) చాలక కావచ్చు. రెండోదైతే సరిచేయడం మీ చేతిలో పని, ఒకసారి చూసుకోండి.

ఇక మామూలు కంప్యూటర్ సంగతి. మీ వ్యానుకి సగటున పదకొండు ఊళ్లు. పదకొండు ఊళ్లని పెట్టగల వరుసలు 4 కోట్లకి కాస్త తక్కువ. మీ లాప్‌టాప్ అవన్నీ ఒక్కొక్కటిగా చూసినా టీ చల్లారకముందే జవాబు చెప్తుంది. చిక్కంతా ఏ ఊరు ఏ వ్యానుకి అన్నదాంట్లో ఉంది, దానికీ మామూలు సాల్వర్లు బాగా రాటుదేలాయి. 85,900 బిందువులని అతి తక్కువ దూరంలో చుట్టివచ్చే దారి ఇదేనని 2006లోనే తేల్చారు. ఎన్నో మామూలు కంప్యూటర్ల శ్రమ కలిస్తే అయింది గానీ, మామూలు కంప్యూటర్లతోనే అయింది. క్వాంటం పోటీ పడాల్సింది ఇలాంటి వస్తాదుతో.

ఎనలిటిక్స్ వైపు ఇంకో పేచీ ఉంది. మీ దగ్గరున్న జీపీఎస్ వరసలు లక్షల్లో ఉంటాయి. అవన్నీ క్యూబిట్లలోకి ఎక్కించడానికే బోలెడు సమయం పడితే, లోపల ఎంత వేగంగా తిరిగినా ఏం లాభం? 2018లో ఈవిన్ టాంగ్ కథ మీకు తెలిసే ఉంటుంది. పద్దెనిమిదేళ్ల విద్యార్థి. ఏ వినియోగదారుడికి ఏ వస్తువు నచ్చుతుందో సూచించే లెక్కలో క్వాంటం పద్ధతిని మామూలు కంప్యూటర్ అందుకోలేదని నిరూపించడానికి కూర్చుని, అందుకోగల మామూలు పద్ధతినే కనిపెట్టి లేచింది. దాన్ని ఓటమిగా ఎవరూ చూడలేదు. క్వాంటం పద్ధతిని చూసి నేర్చుకున్నందువల్లే మామూలు పద్ధతి దొరికింది. మీ అన్నకి ఈ కథ చెప్పండి. ‘క్వాంటం మీద పనిచేశాం కాబట్టి మామూలు లెక్క ఇంత బాగా వేశాం’ అని నిజాయితీగా అమ్ముకోగల కంపెనీ మీది కావచ్చు. మీ బొమ్మ లెక్క కోసం సమస్యని రాసుకునే క్రమంలో అసలు రూట్లకి పనికొచ్చిన ఆలోచన ఒక్కటైనా వచ్చిందా? వచ్చి ఉంటే అది స్లైడ్‌కెక్కాల్సిన మాట.

‘అందరూ ఇలాగే అమ్ముతున్నారు’ అన్న మాటకి వస్తాను. కొంత నిజం. నేను 1998లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసినదాన్ని. అప్పుడు వైటూకే జ్వరం, 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయంతో మెయిన్‌ఫ్రేమ్ వాళ్లకి గిరాకీ. మా బ్యాచిలో చాలామంది రెజ్యుమెల్లో లేని అనుభవం ఉండేది. నా రెజ్యుమెలో ఏడాదిన్నర. ఉద్యోగం వచ్చింది, పనీ నేర్చుకున్నాను, ఎవరికీ నష్టం జరగలేదు. కానీ నాలుగేళ్ల పాటు ఎవరైనా ఆ పాత కంపెనీ పేరెత్తితే కాఫీకని లేచి వెళ్లిపోయేదాన్ని. మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఆ కాఫీల లెక్క మాత్రం చెప్పగలను.

మీ విషయంలో తేడా ఏంటంటే, నాకు ఆ ఏడాదిన్నర అనుభవం లేదు, మీకు 9 శాతం ఉంది. డీజిల్ నిజంగా మిగిలింది. దాన్ని తెచ్చింది మీ ఏడు నెలల కష్టం. ఆ స్లైడ్ డెయిరీకి అబద్ధం చెప్పడంతో ఆగడం లేదు, మీ కష్టాన్ని ఆరు ఊళ్లు సరిగా తిరగలేని యంత్రం ఖాతాలో రాస్తోంది. మీకు లోపల మండుతున్నదాంట్లో సగం ఇదేనని నా అనుమానం. ఒప్పుకోవడానికి మొహమాటపడకండి.

చట్టం కూడా ఒక మాటంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో నిజమని నమ్మి తప్పు చెప్పినవాళ్లకి ఒక సెక్షన్, నిజం కాదని తెలిసి చెప్పినవాళ్లకి ఇంకొకటి ఉన్నాయి. అన్న ‘నాకు సాంకేతికం తెలీదు, సైంటిస్టు చెప్పింది నమ్మాను’ అని మొదటిదాంట్లోకి జారుకోవచ్చు. ఫోటో కింద ఆ హోదాతో మీరు మాత్రం జారుకోలేరు. పెట్టుబడిదారులు డబ్బు పెట్టేముందు కోడ్ చూపించమంటారు. ఆ రోజు సాల్వర్ పేరు ఫైల్లో కనిపిస్తుంది.

సరే, ఏం చేయవచ్చు?

మొదటిది, ఉండి స్లైడ్ మార్పించడం. నేనైతే దీన్నే ముందు ప్రయత్నిస్తాను, కానీ గడువు పెట్టుకుని. అన్నతో ఆఫీసులో మాట్లాడకండి, పదిమందిలో ఆయన వెనక్కి తగ్గలేరు. బయట ఎక్కడైనా టీకి పిలవండి. ‘అన్నా, ఇది అబద్ధం’ అని మొదలుపెడితే అక్కడితో అయిపోతుంది. మీరు రాసుకున్న కొత్త స్లైడ్ చేతిలో పెట్టండి. అందులో రెండు వరసలు చాలు. పైన: ‘పది వ్యాన్లు, ఆరు వారాలు, 9 శాతం డీజిల్ ఆదా. మా ఎనలిటిక్స్‌తో, ఇవాళ్టి కంప్యూటర్ల మీద.’ కింద: ‘ఇదే సమస్యని క్వాంటం యంత్రానికి తగ్గట్టు రాసిపెట్టుకున్నాం. చిన్న నమూనా అసలు యంత్రం మీద నడిపి చూశాం. యంత్రాలు ఎదిగిన రోజు మీరు మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు.’ రెండోదాంట్లో కూడా అబద్ధం లేదు, ఆశ ఉంది. పాలవాళ్లకి కావాల్సింది మొదటి వరస. ఎండాకాలం మధ్యాహ్నం చిల్లింగ్ సెంటర్ చేరేలోపు పాలు విరిగాయా లేదా అన్నది వాళ్ల బాధ. లెక్క ఏ యంత్రం చేసిందన్నది వాళ్లకి పట్టదు. పెట్టుబడిదారుల కోసమే ఆ క్వాంటం మాట ముందుకొచ్చిందని మీకూ తెలుసు.

ఆయన మూడు రకాలుగా స్పందించవచ్చు. ఊపిరి పీల్చుకోవచ్చు. ఇలా జరగడం మీరనుకునేకంటే మామూలు, అబద్ధం మోసేవాడికీ బరువే. కోపం రావచ్చు, ‘నువ్వు కూడానా’ అంటారు, రెండ్రోజులు మాట్లాడరు, తర్వాత మాటలు కొంచెం మార్చి బేరానికొస్తారు. ‘క్వాంటం ప్రేరణతో’ అంటే ఒప్పుకుంటావా అని అడుగుతారు. ఆ మాట వాడుకలో ఉన్నదే, క్వాంటం ఆలోచనల నుంచి పుట్టిన మామూలు పద్ధతులకి చెల్లుతుంది. మీ సాల్వర్ అలాంటిదైతే సరే, కాకపోతే వద్దనండి. మూడోది, ‘నువ్వు రాకు, డెమో నేనే ఇస్తాను’ అనవచ్చు. అలాంటప్పుడు ఆ స్లైడ్ మీద నుంచి మీ ఫోటో, హోదా తీసేయమని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో కాదు. రెండు వాక్యాలు, మర్యాదగా, తేదీతో. అదే మీకు కవచం. డెయిరీవాళ్లకి స్వయంగా చెప్పాలా అన్నది అప్పుడు మీ మనసు తేల్చుకోవాల్సిన విషయం. చెప్తే ఆ స్నేహం ఉండదు, చెప్పకపోతే ఆ డెమో మీ వెనకాలే వస్తుంది. రెండింటిలో ఏది తేలికో మీ తరఫున నేను చెప్పలేను.

రెండోది, ఆఫర్ తీసుకోవడం. ఇదీ గౌరవమైన దారే, పారిపోవడమని అనుకోకండి. కానీ వెళ్లేముందు కొన్ని కాగితాలు చూసుకోండి. ఈసాప్ గ్రాంట్ లెటర్‌లో ఇప్పటిదాకా ఎన్ని మీవయ్యాయో, వెళ్లిపోయాక ఎన్ని రోజుల్లో కొనుక్కోవాలో ఉంటుంది. చాలా కంపెనీలు 90 రోజులే ఇస్తాయి. కొనడానికి చేతి డబ్బు పెట్టాలి, ఆ రోజు షేరు విలువకీ మీరు కట్టిన ధరకీ మధ్య తేడాని జీతంగా లెక్కేసి పన్ను వేస్తారు. అమ్ముకోవడానికి మార్కెట్ లేని షేరుకి చేతి నుంచి పన్ను కట్టడమన్నమాట. అందుకే ‘ఈసాప్‌లు పోతాయి’ అన్న దిగులుతో ఉండిపోవద్దు, ‘మనవే కదా’ అని కళ్లు మూసుకుని కొనేయనూ వద్దు. ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్ కూడా తెరిచి చూడండి. మీ జీతంలో కోసిన పీఎఫ్ మరుసటి నెల 15లోగా జమ కావాలి. జీతం సగమే ఇస్తున్న చోట ముందుగా ఆగిపోయేవాటిలో ఇదొకటి. సగం జీతాల బాకీ ఎంతో నెలవారీగా రాసి ఈమెయిల్ పెట్టి, సరేనని జవాబు తెప్పించుకోండి.

ఆఫర్‌కి పది రోజులే అన్నారు. ఇంకో వారం అడగండి. డెమో తేదీ అప్పటికీ రాదు గానీ అన్న మనసేంటో తెలుస్తుంది, నిర్ణయానికి అదే ముఖ్యం. అడిగితే ఆఫర్ పోతుందన్న భయం సాధారణంగా ఉత్తిదే.

మూడోది ఒకటుంది, మీరు ఉత్తరంలో ఎక్కడా తలపెట్టలేదు. కంపెనీని నిలబెడుతున్నది ఎనలిటిక్స్. దాన్నే ముందుకి తెచ్చి, క్వాంటాన్ని వెనక గదిలో పరిశోధనగా ఉంచుదామని అన్న ముందు పెట్టవచ్చు. బోర్డు మారుతుంది, పెట్టుబడిదారుల్లో కొందరు తప్పుకుంటారు, అన్న కల చిన్నబోతుంది. కానీ పది వ్యాన్లతో మొదలైన డెయిరీ 38కీ డబ్బు కడుతుంది, ఇంకో డెయిరీ వస్తుంది. క్వాంటం పేరు మీదే ఉండాలనుకుంటే ఇందాక చెప్పిన కొత్త తాళాల పని ఉంది. ఒక సంస్థలో పాత తాళాలు ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి జాబితా వేసి, మార్చే వరుస చెప్పడం. దానికి క్వాంటం యంత్రమే అక్కర్లేదు. ఈ రంగంలో పేరు, పెట్టుబడి ఉంటే చాలదని చూపిన కథలూ ఉన్నాయి. హార్వర్డ్ నుంచి 2017లో పుట్టిన జపాటా అనే క్వాంటం సాఫ్ట్‌వేర్ కంపెనీ, 2024 వసంతంలో అమెరికా స్టాక్ మార్కెట్‌కెక్కి, అదే అక్టోబరులో కార్యకలాపాలు ఆపేసింది. వాళ్లలో ప్రతిభకి లోటుండి కాదు. యంత్రాలు ఎదిగేదాకా ఇల్లు గడవాలి, ఆ మధ్యకాలం చాలా పొడవు. మీ కంపెనీకి ఆ మధ్యకాలం గడిపే దారి పాల వ్యాన్ల రూపంలో దొరికింది. దాన్ని చిన్నచూపు చూడవద్దని అన్నకి చెప్పగలిగింది పదకొండు మందిలో మీరే.

అన్నకి ద్రోహమా అని అడిగారు. ఆయన మీకు ఉద్యోగమిచ్చారు, మీరు నెలకి 70,000 తగ్గించుకుని దాదాపు మూడేళ్లు చేశారు. ఆ ఖాతా ఎప్పుడో సరిపోయింది. ఇంకేమైనా బాకీ ఉంటే అది ఆయన వైపే, రెండు సగం జీతాలు. ‘అన్నా’ అన్న పిలుపు దాచిపెట్టేది ఇదే. యజమాని అని పిలిచి ఉంటే రెండో నెలే జీతం అడిగేవారు కదా?

బాబాయి సంగతి వేరు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా తొందరగా తేలాలనిపించింది ఇదే, మీరు చివర రాశారు. డెమో ఎలా జరిగినా, ఉద్యోగం ఉన్నా మారినా, ఆ 8 లక్షలకి పేరు లేదు. అది షేర్లా, అప్పా? షేర్లకైతే, ప్రైవేటుగా డబ్బు తీసుకున్న కంపెనీ 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేదంటే తర్వాత 15 రోజుల్లో తిరిగివ్వాలి, ఆ పైన ఏడాదికి 12 శాతం వడ్డీతో. మీ లెక్కన 14 నెలలు. కేటాయింపు జరిగి ఉంటే ఆ పత్రం కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలై ఉంటుంది. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో 100 రూపాయలు కడితే ఎవరైనా చూడవచ్చు. ఇవాళే చూడండి. ‘అది కన్వర్టిబుల్ నోట్ బాబాయ్’ (తర్వాత షేర్లుగా మారగల అప్పు పత్రం) అని ఎవరైనా అంటే, స్టార్టప్‌లకి ఆ వెసులుబాటు ఒకే విడతలో 25 లక్షలు, ఆ పైన పెట్టినవాళ్ల విషయంలోనే అని గుర్తుంచుకోండి. అప్పు అంటే, కంపెనీలు బయటివాళ్ల దగ్గర ఇష్టమొచ్చినట్టు అప్పు తీసుకోవడానికి వీల్లేదు. కంపెనీకి సంబంధం లేని సీఏకో కంపెనీ సెక్రటరీకో ఒక గంట ఫీజు కట్టి ఈ కాగితాలు చూపించండి. మీ పెట్టుబడిదారులు రాకముందే ఇది సరిచేసుకోవడం అన్నకీ మంచిదే, వాళ్ల లాయర్లు ముందు అడిగేది ఎవరి షేర్లు ఎన్ని అనే. ఆ విధంగా చెప్తే ఆయన వినవచ్చు.

మీరు వెళ్లిపోతే ఈ కాగితం రావడం ఇంకా కష్టమవుతుంది. అందుకే రాజీనామా ఇవ్వాలనుకున్నా దీని తర్వాతే ఇవ్వండి. ఇది మీరు ఉండటానికి కారణం కాకూడదు, వెళ్లే వరుసలో ముందుండాల్సిన పని మాత్రమే.

బాబాయికి ఎప్పుడు చెప్పాలి? ఆఫర్ తేలాకనో డెమో అయ్యాకనో వద్దు, ఈ ఆదివారమే. ఫోన్లో కాకుండా తెనాలి వెళ్లి చెప్పండి. ‘డబ్బు పోయింది’ అనకండి, పోయిందో లేదో మీకూ తెలియదు. ‘ఏం కాదు’ అని కూడా అనకండి. ‘బాబాయ్, నీ డబ్బుకి కాగితం లేదు, అది నేను అప్పుడే అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను’ అనండి. ఆయన కోప్పడితే పడనివ్వండి. ‘నువ్వు చెప్తే చాలు’ అన్న మనిషికి మీరు బాకీపడింది ఎనిమిది లక్షలు కాదు, జరిగింది జరిగినట్టు ముందుగా ఆయనకే చెప్పడం. నాన్నగారు ఏమనేవారో నాకు తెలియదు, అమ్మగారికీ తెలియదు. ఆ ప్రశ్నని కొన్నాళ్లు పక్కన పెట్టండి.

వెళ్లేటప్పుడు బ్యాంకు మెసేజీ, ఆ వాట్సాప్ ప్రింటు తీయించి పట్టుకెళ్లండి. పది వ్యాన్ల పాత రూట్లు, కొత్త రూట్లు కూడా. భోజనాలయ్యాక ఆయన ముందు పరవండి. డిపోలో ఏ బస్సు ఏ ఊళ్లో ఎంతసేపు ఆగుతుందో చూస్తూ రిటైరైన మనిషి, మీ సాల్వర్‌కి అందని పొరపాటు ఒకటి పట్టుకుంటే ఆశ్చర్యపోకండి.